లేత్ టూల్‌పాత్ తప్పుగా వస్తే ఎక్కడ వెతకాలి?

క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో (డ్రాయింగ్ నుంచి లేత్‌కు ఆదేశాలు తయారుచేసేది) టర్నింగ్ టూల్‌పాత్, అంటే టూలు నడిచే దారి, తేడాగా కనిపించగానే చాలామంది సెట్టింగులు తెరిచి చేతికందిన అంకెనల్లా మారుస్తారు. టాలరెన్స్ (ఆకారంలో ఒప్పుకునే తేడా) తగ్గిస్తారు, లీడ్-ఇన్ (టూలు కోతలోకి దిగే దారి) పెంచుతారు, కాంపెన్సేషన్ (టూలు కొన వంపుకు చేసే సవరణ) రకం మారుస్తారు. అయిదో మార్పుకు గీత సరిగ్గా వస్తుంది. కానీ అయిదింటిలో ఏది పనిచేసిందో తెలియదు, మిగతా నాలుగూ తర్వాతి జాబ్‌లో పగ తీర్చుకుంటాయి. మార్చడానికి ముందు కొలవండి. లేత్ తప్పులు చాలావరకు తమ కొలతతోనే తమ పేరు చెప్పేస్తాయి. గ్రూవ్ (గాడి) సరిగ్గా ఇన్సర్ట్ (టూలు కొసన కోసే ముక్క) వెడల్పంత పక్కకు జరిగిందా, వ్యాసం సరిగ్గా రెట్టింపైందా, మిగతావన్నీ బాగుండి చాంఫర్ (అంచు మీది వాలు కోత) ఒక్కటే చిన్నదైందా అన్నది తెలిస్తే, అనుమానించాల్సిన చోట్లు ఒకటి రెండుకు తగ్గిపోతాయి.

ఇక్కడ చెప్పేదంతా రెండు అక్షాల లేత్ గురించి. టరెట్ (టూళ్లు బిగించే తిరిగే దిమ్మ) వెనక ఉందని, కంట్రోలర్ ఫానుక్ తరహాదని, జి కోడ్లు (యంత్రానికి ఇచ్చే ఆదేశాలు) ఎ పద్ధతిలో ఉన్నాయని అనుకుని రాస్తున్నాను. మీ యంత్రం వేరైతే కోడ్ల అంకెలు, కొన్ని దిశలు మారతాయి, వెతికే పద్ధతి మారదు.

మొదటి అడుగు: తప్పు ఎక్కడ పుట్టిందో తేల్చండి

తప్పు పుట్టగల చోట్లు మూడు: క్యామ్ తెర, పోస్ట్ ప్రాసెసర్ (క్యామ్ దారిని యంత్రం కోడ్‌గా మార్చేది, పొట్టిగా పోస్ట్) రాసిన ఎన్‌సి ఫైలు, యంత్రం. ముందు క్యామ్‌లోనే సిమ్యులేషన్ నడిపి, చివర మిగిలిన స్టాక్‌ను (కోతకు పెట్టిన లోహాన్ని) మోడల్‌తో పోల్చండి. అక్కడే తేడా ఉంటే ఫైలు జోలికి వెళ్లక్కర్లేదు. అక్కడ బాగుంటే ఎన్‌సి ఫైలు తెరిచి, డ్రాయింగ్‌లో మీకు తెలిసిన ఒక వ్యాసం ఫినిషింగ్ పాస్‌లో (చివరి నునుపు కోతలో) ఏ అంకెగా వచ్చిందో చూడండి. 40 మి.మీ. వ్యాసానికి ఎక్స్ 40 ఉండాలి. ఎక్స్ 20 ఉంటే పోస్ట్ వ్యాసార్ధంలో రాస్తోంది, ఎక్స్ 80 ఉంటే రెట్టింపును రెండుసార్లు చేస్తోంది. ఎక్స్ 1.5748 కనిపిస్తే అది అంగుళాల్లో 40 మి.మీ. ఫైలు కూడా సరిగ్గానే ఉండి జాబ్ మాత్రమే తప్పితే ఆఫ్‌సెట్ పేజీ (యంత్రంలో టూళ్ల కొలతల పట్టిక), టూలు, బిగింపు చూడాలి. అప్పుడు క్యామ్‌లో ఏం మార్చినా అది పక్కింటి జ్వరానికి మన ఇంట్లో మందు మింగడమే.

ఈ విభజనకు పది నిమిషాలు కూడా పట్టదు. దీన్ని దాటవేసి ముందుకు వెళ్లకండి.

రెండో అడుగు: సెటప్

టూల్‌పాత్ అసలు రాకపోయినా, గాల్లో తిరిగినా ముందు చూడాల్సింది ఇదే. జెడ్ అక్షం స్పిండిల్ వెంట ఉందా, దాని ధన దిశ చక్ (జాబ్‌ను పట్టే భాగం) నుంచి బయటికి చూస్తోందా? మూలబిందువు మీరు యంత్రంలో పట్టే చోటే ఉందా? ఫినిష్ ముఖం మీద సున్నా పెట్టి, ముడి ముఖం మీద 1 మి.మీ. ఫేసింగ్ అలవెన్స్ ఉంచి, యంత్రంలో ముడి ముఖాన్నే సున్నాగా తీసుకుంటే పొడవులన్నీ ఒకే 1 మి.మీ. తేడాతో జరుగుతాయి. అన్ని పొడవులూ ఒకే మొత్తంలో తప్పితే కారణం మూలబిందువు, లేదా ఆ టూలు జెడ్ ఆఫ్‌సెట్.

తర్వాత స్టాక్. రెండో వైపు తిప్పి పట్టిన జాబ్‌కు క్యామ్ మళ్లీ పూర్తి కడ్డీనే స్టాక్‌గా తీసుకుంటుంటే, ఇప్పటికే తీసేసిన లోహం చుట్టూ రఫింగ్ (మొదటి ముతక కోత) పాస్‌లు గాల్లో తిరుగుతాయి. మొదటి సెటప్ చివర మిగిలిన స్టాక్‌ను రెండోదానికి అందించండి. దీనికి తలకిందులు కేసు ఇంకా ప్రమాదం: స్టాక్‌ను అసలు కంటే చిన్నదిగా చెబితే, ఖాళీ అనుకుని టూలు ర్యాపిడ్‌లో (కోయకుండా పూర్తి వేగంతో జరిగే కదలికలో) నేరుగా లోహంలోకి వెళుతుంది.

మోడల్ పూర్తిగా గుండ్రంగా లేనప్పుడు వచ్చే చిక్కు వేరు. షాఫ్ట్ మీద కీవే (పొడుగు గాడి), అడ్డంగా రంధ్రం, షట్కోణపు తల ఉన్నాయనుకోండి. సాఫ్ట్‌వేర్ మోడల్‌ను ఒక తలంతో కోసి ఆ అంచును ప్రొఫైల్‌గా తీసుకుంటే, ఆ కోత కీవే మీదుగా వెళ్లినప్పుడు టూల్‌పాత్ కూడా కీవేలోకి దిగుతుంది. మోడల్‌ను అక్షం చుట్టూ తిప్పి వచ్చే బయటి ఆకారాన్ని తీసుకునే ఎంపిక చాలా క్యామ్‌లలో ఉంది. ఫ్యూజన్‌లో అయితే స్పన్ ప్రొఫైల్ అనే పేరుతో ఉంటుంది. లేకపోతే టర్నింగ్ ప్రొఫైల్‌ను విడిగా స్కెచ్‌లో గీసుకోండి, కొన్నిసార్లు అదే తొందరగా తెములుతుంది. గీసేటప్పుడు సగం ఆకారమే గీయాలి. గీతల కొనలు కలవాలి, ఒకదాని మీద ఒకటి రెండు గీతలు ఉండకూడదు. కంటికి కనిపించని 0.01 మి.మీ. సందు కూడా చెయిన్‌ను (క్యామ్ వరుసగా ఎంచుకునే గీతల గొలుసును) మధ్యలో ఆపేస్తుంది.

ఖాళీ టూల్‌పాత్‌కు మిగతా కారణాలు చిన్నవి: ముందు, వెనక హద్దులు తారుమారు కావడం, బయటి టర్నింగ్ బదులు లోపలిది ఎంచుకోవడం, వెనక హద్దు చక్ దవడలను దాటి ఉండటం.

వంపులు పలకలు పలకలుగా వస్తే టాలరెన్స్ తగ్గించే ముందు మోడల్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఎస్‌టిఎల్ ఫైలులో వంపు అప్పటికే ముక్కలై ఉంటుంది. టాలరెన్స్ ఎంత తగ్గించినా ఆ ముక్కలనే మరింత నమ్మకంగా కోస్తుంది.

మూడో అడుగు: టూలుకు చోటు పడుతుందా?

"ఇక్కడ లోహం ఎందుకు వదిలేసింది?" అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇన్సర్ట్ కోణంలో ఉంటుంది. వెనక అంచుకు మిగిలే కోణాన్ని ఇలా లెక్కించండి: 180 నుంచి హోల్డర్ అప్రోచ్ కోణాన్ని, ఇన్సర్ట్ కోణాన్ని తీసేయండి.

సి.ఎన్.ఎం.జి. ఇన్సర్ట్ 80 డిగ్రీలు, హోల్డర్ 95. మిగిలేది 5 డిగ్రీలు.
డి.ఎన్.ఎం.జి. 55, హోల్డర్ 93. మిగిలేది 32.
వి.ఎన్.ఎం.జి. 35, హోల్డర్ 93. మిగిలేది 52.

వ్యాసం చిన్నదయ్యే వైపు టూలు దిగగల గరిష్ఠ వాలు ఇదే. ఆచరణలో ఇంకో రెండు మూడు డిగ్రీలు తగ్గించుకోవాలి, లేకపోతే ఇన్సర్ట్ వెనక అంచు రుద్దుకుంటుంది. డ్రాయింగ్‌లో 45 డిగ్రీల వాలుతో దిగే మెడ ఉంటే 55 డిగ్రీల ఇన్సర్ట్ దాన్ని పూర్తిగా కోయలేదు. క్యామ్ అక్కడ 32 డిగ్రీల వాలు వదిలిందంటే సరైన పనే చేసింది. దాన్ని లోపం అనుకుని వెనక అంచు పరిశీలనను ఆపేసేవారు ఉన్నారు. అలా ఆపితే తెరమీద గీత అందంగా దిగుతుంది, యంత్రంలో ఇన్సర్ట్ పక్క భాగం జాబ్‌ను గీరుతుంది. ఇన్సర్ట్ మార్చండి, లేదా మిగిలిన ముక్కను గ్రూవింగ్ టూలుతో గానీ ఎదురు చేతి (ఎదురు దిశలో కోసే) టూలుతో గానీ తీయండి.

అసలు ఆ మెడలోకి టూలు దిగే ప్రయత్నమే చేయకపోతే కోణం కంటే ముందు ప్లంజ్ ఎంపిక చూడండి. రఫింగ్‌లో లోతట్టు భాగాల్లోకి దిగడానికి విడిగా అనుమతి ఇవ్వాల్సిన క్యామ్‌లు ఉన్నాయి.

లైబ్రరీలోని టూలుకూ, టరెట్‌లో బిగించిన టూలుకూ తేడా లేకుండా చూసుకోవాలి. పెట్టె మీది అంకెలు చదివితే చాలు: 120408లో చివరి 08 అంటే నోస్ రేడియస్ (ఇన్సర్ట్ కొన వంపు వ్యాసార్ధం) 0.8 మి.మీ., 04 అయితే 0.4. హోల్డర్‌ను కూడా నిర్వచించండి. హోల్డర్ లేని సిమ్యులేషన్ ఇన్సర్ట్ ఢీకొనడాన్నే చూపిస్తుంది, హోల్డర్ భుజం స్టెప్‌కు తగలడాన్ని చూపించదు.

నాలుగో అడుగు: నోస్ రేడియస్ కాంపెన్సేషన్

లేత్‌లో ఎక్కువ సమయం తినే తప్పులు ఇక్కడివే, అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

ఇన్సర్ట్ కొన పదునైన బిందువు కాదు, చిన్న వంపు. టూలు పట్టేటప్పుడు మనం ఎక్స్‌ను ఒక పక్క, జెడ్‌ను ఇంకో పక్క తాకించి కొలుస్తాం. ఆ రెండూ కలిసే చోట నిజానికి లోహం లేదు, అదొక ఊహా కొన. నేరు వ్యాసాలు, నేరు ముఖాలు కోసేటప్పుడు దీనివల్ల తేడా రాదు. వాలు, వంపు వచ్చినప్పుడే వస్తుంది. కాబట్టి వ్యాసాలు, పొడవులు సరిగ్గా ఉండి చాంఫర్లు, టేపర్లు, ఫిల్లెట్లు (మూలల వంపులు) మాత్రమే తప్పితే ఇంకెక్కడా వెతకొద్దు.

45 డిగ్రీల చాంఫర్‌కు ఆ తేడా రేడియస్‌కు 0.586 రెట్లు. 0.8 ఇన్సర్ట్ అయితే 0.47 మి.మీ. అంటే కాంపెన్సేషన్ అసలు పనిచేయకపోతే 1 మి.మీ. బయటి చాంఫర్ 0.53 దగ్గర ఆగిపోతుంది. కాంపెన్సేషన్ రెండుసార్లు పడితే అదే చాంఫర్ 1.47 అవుతుంది. చాంఫర్ కొలిచి ఈ రెంటిలో ఏదో చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

రెండుసార్లు ఎందుకు పడుతుంది? క్యామ్‌లో సాధారణంగా మూడు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది కంప్యూటర్ పద్ధతి: లెక్కంతా క్యామే చేస్తుంది, ఫైలులో జి41, జి42 (యంత్రంలో కాంపెన్సేషన్‌ను మొదలుపెట్టే కోడ్లు) ఉండవు. రెండోది కంట్రోల్ పద్ధతి: ఫైలులో డ్రాయింగ్ ఆకారమే ఉంటుంది, లెక్క యంత్రం చేస్తుంది, ఆఫ్‌సెట్ పేజీలో రేడియస్ 0.8 అని, కొన దిశ అంకె (కొన ఎటు చూస్తోందో చెప్పేది) సరిగ్గా ఉండాలి. మూడోది వేర్ పద్ధతి: లెక్క క్యామ్ చేసి, జి42 కూడా రాస్తుంది. ఈ పద్ధతిలో ఆఫ్‌సెట్ పేజీలో రేడియస్ సున్నా ఉండాలి. అక్కడ అలవాటుగా 0.8 కొడితే 1.47 చాంఫర్ వస్తుంది. ఏ పద్ధతైనా తప్పు కాదు, కానీ ఒక షాపులో ఒకటే ఉండాలి. ప్రోగ్రామర్ ఒక పద్ధతిలో, ఆపరేటర్ ఇంకో పద్ధతిలో ఉన్నంతకాలం ఈ తప్పు తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది.

కంట్రోల్ పద్ధతిలో కొన దిశ అంకె కూడా కీలకం. చక్ వైపు కోసే బయటి టూలుకు 3, లోపలి బోరింగ్ బార్‌కు 2. అంకె 0గా మిగిలిపోతే కంట్రోలర్ మీరు పట్టిన కొలతను వంపు కేంద్రంగా భావించి ఒక రేడియస్ దూరంగా నడుస్తుంది: 0.8 ఇన్సర్ట్‌తో బయటి వ్యాసం 1.6 మి.మీ. పెద్దదిగా, ముఖం మీద 0.8 మిగులుగా వస్తాయి. దీనికంటే ప్రమాదకరమైనది జి41, జి42 తారుమారు కావడం. చక్ వైపు నడిచే బయటి కోతకు జి42, లోపలి కోతకు జి41 ఉండాలి. బయటి కోతకు జి41 పడితే టూలు ఒక్కో వైపు రెండు రేడియస్‌ల మేర లోపలికి దిగి, వ్యాసం 3.2 మి.మీ. తగ్గిపోతుంది.

అలారాల సంగతికి వస్తే, ఫానుక్‌లో 34 వస్తే కాంపెన్సేషన్‌ను వంపు కదలిక మీద మొదలుపెట్టారని లేదా ముగించారని అర్థం. లీడ్-ఇన్‌లో వంపు ముందు ఒక నేరు గీత చేర్చండి, దాని పొడవు నోస్ రేడియస్ కంటే ఎక్కువ ఉండాలి. 41 వస్తే టూలు వంపు పట్టని చోటికి దాన్ని పంపుతున్నారు. 0.8 ఇన్సర్ట్‌తో 0.4 లోపలి ఫిల్లెట్ కోయమనడం ఇందుకు మామూలు ఉదాహరణ. ఫిల్లెట్, ఇన్సర్ట్ రేడియస్ సమానంగా ఉన్నా నమ్మకం లేదు, ఒక సైజు చిన్న రేడియస్ ఉన్న ఇన్సర్ట్ వాడటమే మేలు.

ఫేసింగ్‌లో మధ్యలో చిన్న బొడిపె మిగలడం కూడా ఈ కుటుంబానిదే. కాంపెన్సేషన్ లేకుండా ఎక్స్ 0 దగ్గర ఆపితే ముఖాన్ని కోసే అంచు ఇంకా కేంద్రానికి ఒక రేడియస్ దూరంలో ఉంటుంది. 0.8 ఇన్సర్ట్‌కు ఎక్స్ మైనస్ 1.6 దాకా పంపండి. అప్పటికీ బొడిపె పోకపోతే టూలు ఎత్తు కేంద్రంలో లేదు, టూల్‌పాత్‌ను వదిలేయండి.

అయిదో అడుగు: రాకపోకలు

తెరమీద ర్యాపిడ్ కదలిక ఒక నేరు గీత. చాలా యంత్రాల్లో జి0 (ర్యాపిడ్ కోడ్) అలా నడవదు. ఎక్స్, జెడ్ రెండూ తమ తమ పూర్తి వేగంతో బయలుదేరి, ముందు చేరిన అక్షం ఆగిపోతుంది, రెండోది ఒంటరిగా మిగతా దూరం పోతుంది. దారి మోకాలులా వంగుతుంది. సిమ్యులేషన్‌లో తప్పించుకున్న టెయిల్‌స్టాక్‌ను (జాబ్ బయటి కొనను ఆనించే భాగాన్ని) యంత్రంలో తగలడానికి ఇది చాలు. రెండు అక్షాలు ఒకేసారి కదిలే ర్యాపిడ్‌లను విడగొట్టండి. బయటి టూలు వెనక్కి వచ్చేటప్పుడు ముందు ఎక్స్, తర్వాత జెడ్. బోరింగ్ బార్‌కు ఇది సరిగ్గా తిరగబడుతుంది: గోడ నుంచి కొద్దిగా జరిగి, జెడ్‌లో పూర్తిగా బయటికి వచ్చాకే ఎక్స్ కదలాలి.

ఆ "కొద్దిగా" ఎంత? 22 మి.మీ. బోరులో కనీస బోరు 20 ఉన్న బార్ వాడితే దాని వీపు వెనక మిగిలేది సుమారు 2 మి.మీ. క్యామ్ డిఫాల్ట్‌గా 3 మి.మీ. వెనక్కి జరపమంటే వీపు ఎదుటి గోడను గీరుతుంది. చిన్న బోరుల్లో ఈ దూరాన్ని 0.3 నుంచి 0.5కు తగ్గించండి. లోపలి వ్యాసం సరిగ్గా వచ్చి, ఒక పొడుగాటి గీత మాత్రం పడుతుంటే ఇదొక ముఖ్య అనుమానితుడు.

ఆరో అడుగు: గ్రూవ్, పార్టింగ్, థ్రెడ్

గ్రూవ్ సరిగ్గా ఇన్సర్ట్ వెడల్పంత జరిగిందంటే క్యామ్ ఎడమ మూలను, ఆపరేటర్ కుడి మూలను లెక్కలోకి తీసుకున్నారు. 3 మి.మీ. బ్లేడుతో పార్ట్ చేసిన (కడ్డీ నుంచి కోసి విడదీసిన) జాబ్ 3 మి.మీ. పొట్టిగానో పొడుగ్గానో వచ్చినా అదే కథ. టూలు నిర్వచనంలో ఏ మూల అన్నది చూసి, సెటప్ షీటు మీద రాసి పంపండి.

గ్రూవ్‌లో టూల్‌పాత్ అసలు రాకపోతే కూడిక వేయండి. గ్రూవ్ 4 మి.మీ., బ్లేడు 3, రెండు పక్కలా 0.5 చొప్పున ఫినిషింగ్ అలవెన్స్. మిగిలిన చోటు సరిగ్గా 3, కదలడానికి ఏమీ లేదు. అలవెన్స్‌ను 0.2కు తగ్గిస్తే గీతలు ప్రత్యక్షమవుతాయి.

థ్రెడ్‌లో రెండు విషయాలు చూడండి. వేగం జి97లో, అంటే స్థిరమైన ఆర్‌పిఎం‌తో ఉండాలి. జి96లో (కోత వేగాన్ని స్థిరంగా ఉంచే పద్ధతిలో) వ్యాసంతోపాటు ఆర్‌పిఎం మారి పాస్‌లు ఒకదానికొకటి కలవవు. రెండోది లోతు. ఎం20, 2.5 పిచ్ బయటి థ్రెడ్‌కు ఎత్తు 1.534 మి.మీ., అడుగు వ్యాసం 16.93. రెండు వరుసల జి76లో (థ్రెడ్ కోసే సైకిల్) థ్రెడ్ ఎత్తు వ్యాసార్ధం లెక్కన, చుక్క లేకుండా మైక్రాన్లలో, 1534గా రావాలి. 3067 కనిపిస్తే ఎవరో వ్యాసం లెక్కన ఇచ్చారు. మొదటి కొన్ని చుట్లు పిచ్ తప్పితే టూలు మొదలయ్యే చోటును జాబ్‌కు ఇంకా దూరంగా పెట్టండి, కనీసం మూడు పిచ్‌లు.

ఏడో అడుగు: ఎన్‌సి ఫైలు చదవండి

మొత్తం చదవక్కర్లేదు. ప్రతి టూలు మొదటి పది వరుసలు, ఒక వంపు, చివరి వెనకడుగు చాలు.

జి98 అయితే ఫీడు నిమిషానికి, జి99 అయితే చుట్టుకు. 0.2 ఫీడు జి98లో పడితే యంత్రం నిద్రపోయినట్టు కనిపిస్తుంది. 150 ఫీడు జి99లో పడితే ఏం జరుగుతుందో చూడాలని ఎవరూ కోరుకోరు. జి96 ఉన్న ప్రతిచోటా దానికి ముందు జి50తో గరిష్ఠ వేగం కట్టి ఉందా? నిమిషానికి 200 మీటర్ల కోత వేగం 50 మి.మీ. వ్యాసం దగ్గర 1273 ఆర్‌పిఎం, 5 మి.మీ. దగ్గర 12,732. ఫేసింగ్‌లో కేంద్రానికి చేరేకొద్దీ ఇది ఇంకా పెరుగుతూ పోతుంది, చక్ పట్టు మాత్రం తగ్గుతూ పోతుంది.

వంపులో ఎక్స్ వ్యాసంగా ఉన్నా ఐ విలువ (వంపు కేంద్రానికి ఉన్న దూరం) మాత్రం వ్యాసార్ధంగానే ఉండాలి. పోస్ట్ దాన్ని కూడా రెట్టింపు చేస్తే వంపు మొదలు, చివర కలవక అలారం 20 వస్తుంది. పోస్ట్‌ను సరిచేసేదాకా వంపులను ఆర్ రూపంలో (కేంద్రం బదులు వ్యాసార్ధం ఇచ్చి) రాయించి నెట్టుకురావచ్చు.

రఫింగ్ జి71గా (కంట్రోలర్‌లోని రఫింగ్ సైకిల్‌గా) వస్తుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. అక్కడ పాస్‌లు వేసేది క్యామ్ కాదు, కంట్రోలర్. మీరు తెరమీద చూసింది, యంత్రం చేసేది ఒకటి కాకపోవచ్చు. మొదటి రకం జి71కు ప్రొఫైల్ ఒకే దిశలో పెరుగుతూనో తగ్గుతూనో పోవాలి, మధ్యలో మెడ ఉంటే ఒప్పుకోదు. అలాంటి జాబ్‌కు సైకిల్ ఎంపిక తీసేసి, కదలికలన్నీ విడివిడిగా రాయించండి. ఫైలు పొడవవుతుంది, అయినా నేను దానికే ఓటు వేస్తాను.

ఎనిమిదో అడుగు: యంత్రం దగ్గర

మొదటి నడక జాబ్ లేకుండా గానీ, జెడ్‌ను సురక్షితమైనంత దూరం జరిపి గానీ, సింగిల్ బ్లాక్‌లో, ర్యాపిడ్‌ను కనిష్ఠానికి తగ్గించి చేయండి. మిగిలిన దూరం చూపే పేజీని తెరిచి ఉంచండి. టూలు జాబ్‌కు దగ్గరవుతున్నప్పుడు కంటికి కనిపించే దూరం, తెరమీది అంకె పొంతన కుదరకపోతే అక్కడే ఆపాలి.

కోసిన తర్వాత కొలతలు ఇలా చదవండి. ఒకే టూలు కోసిన వ్యాసాలన్నీ ఒకే మొత్తంలో తప్పితే అది ఆ టూలు ఆఫ్‌సెట్. సన్నని పొడుగాటి జాబ్‌లో చక్ దగ్గర సరిగ్గా ఉండి, బయటి కొన వైపు వ్యాసం పెరుగుతూ పోతే జాబ్ వంగుతోంది. కోత లోతు తగ్గించండి, చిన్న నోస్ రేడియస్ వాడండి, లేదా టెయిల్‌స్టాక్ ఆనించండి. క్యామ్‌లో ఎదురు టేపర్ గీసి సరిచేసే చిట్కా కూడా ప్రచారంలో ఉంది. అది ఆ బ్యాచ్‌కే పనికొస్తుంది, లోహం మారగానే బెడిసికొడుతుంది.

క్యామ్‌లో ఏ మార్పు చేసినా టూల్‌పాత్‌ను మళ్లీ జనరేట్ చేయాలి, మళ్లీ పోస్ట్ చేయాలి, మళ్లీ యంత్రానికి పంపాలి. ఈ మూడింటిలో ఒకటి మరిచిపోయి, పాత ప్రోగ్రామే నడుస్తుండగా కొత్త మార్పు పనిచేయలేదని తీర్మానించేవారు తక్కువేమీ కాదు. అదే నంబరుతో పాత ప్రోగ్రాము మెమరీలో ఉంటే కొన్ని కంట్రోలర్లు కొత్తదాన్ని తీసుకోవు. పోస్ట్ చేసిన తేదీ, సమయం ఫైలు పైవరుసలో వ్యాఖ్యగా వచ్చేలా పోస్ట్‌లో పెట్టుకోండి. సైకిల్ స్టార్ట్ నొక్కే ముందు కంట్రోలర్ తెరమీద ఆ సమయాన్ని ఒకసారి చదవండి.